పదకొండో సాలు

ఇప్పపూవు తిని మత్తెక్కి దారి తప్పిన ఎలుగుబంటిని చెయ్యి పట్టుకొని భూపాలపల్లి అడవిదాకా దిగబెట్టి వచ్చిన మనిషి గార్ల చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు. ఆయన పేరు మాన్‌సింగ్. సాక్ష్యం కావాలంటే అదీ ఆయన నోటి మాటే. దారిలో ఎలుగుబంటి రెండుసార్లు బీడీ అడిగిందనీ, మొదటిసారి ఇస్తానని ఆశపెట్టి రెండోసారి ఇవ్వకపోయేసరికి అది ఇప్పటికీ అలిగి ఉందనీ చెబుతాడు. తండాలో పిల్లలు పొట్టలు పట్టుకొని నవ్వుతారు. ఆయన భార్య గంగి మాత్రం నవ్వదు. "ఆ బీడీ తెచ్చి నాకన్న ఇయ్యకపోతివి" అంటుంది.

అందుకే, జూన్ మొదటి వారంలో మొక్కల లెక్కకు వచ్చిన మేడం ముందు మాన్‌సింగ్ చేతులు కట్టుకొని, "ఇవి సావలేదు మేడం, పండుకున్నయి" అన్నప్పుడు, పక్కనున్న ఫారెస్టు బీటు ఆఫీసరు సురేందర్ మొహం అటు తిప్పుకొని దగ్గాడు. అది దగ్గు కాదని గుట్ట మీద రాళ్లకు కూడా తెలుసు.

మేడం పేరు గీతాంజలి. జనగామ పిల్ల. పొద్దున్నే రైలెక్కి గార్లలో దిగి, ఆటోలో తండాదాకా వచ్చి, అక్కడినుంచి నడిచి గుట్ట ఎక్కింది. ఎర్రటి మొరం గుట్ట. ఒకప్పుడు దట్టమైన అడవి. కట్టెలకు కొంత, మొరానికి కొంత పోయి, చివరికి గొరిగిన తలలా మిగిలింది. మూడేళ్ల కింద దాని మీద ముప్పై సాళ్లు కొట్టి, సాలుకు ఇరవై చొప్పున గుంతలు తవ్వి, ఈ నేలలో పుట్టిన చెట్టే ఈ నేలలో పెరగాలని ఏగిస మొక్కలు పెట్టారు. విత్తనం భూపాలపల్లి అడవి నుంచి వచ్చింది. చుట్టూ ముళ్లతీగ కంచె కట్టి, మాన్‌సింగ్‌కు ఒక ఖాకీ అంగీ, మెడలో వేసుకోవడానికి ఒక ఈల ఇచ్చి కాపలా పెట్టారు.

గీతాంజలి ఒక్కో గుంత దగ్గర ఆగి చూస్తూ పోతోంది. ఆకుపచ్చగా ఉంటే "ఉంది" అంటుంది. లేకపోతే "లేదు" అంటుంది. సురేందర్ రాసుకుంటున్నాడు.

"లేదు. లేదు. ఉంది. లేదు. లేదు."

వెనకాల మాన్‌సింగ్ నడుస్తున్నాడు. ఆమె "లేదు" అన్న ప్రతి చోటా ఆగి, చేతికర్ర మొనతో ఆ ఎండుపుల్ల పక్క మట్టిని మెల్లగా తట్టి, మళ్లీ కదులుతున్నాడు. నిద్రపోయే పిల్లలున్న ఇంట్లో తిరిగినట్టు నడుస్తున్నాడు.

ముప్పై సాళ్లు అయ్యేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఆరువందల గుంతల్లో తొంభై ఒకటి పచ్చగా ఉన్నాయి.

"నూటికి డెబ్బై ఉండాలె తాతా" అంది గీతాంజలి, గంగి అందించిన చెంబు ఎత్తి నీళ్లు తాగి. "ఇట్లయితే ఫెయిల్ అని రాయాల్సొస్తది. కంచె తీగ ఇంకో జాగకు పోతది. నీ పని కూడ..."

"పోతది" అని మాన్‌సింగే ముగించాడు. "మేడం, జర నా మాట ఇను. ఏగిస ముందుగాల కిందికి పెరుగుతది. ఎండకాలం రాంగనే మీది పుల్లను ఎండనిస్తది. దానికి ఆ పుల్ల తోటి పనిలేదు. వాన పడంగనే కిందికెళ్లి మళ్ల లేస్తది. పోయినేడు లేచింది, అంతకు ముందేడు లేచింది. ఇంక రెండేండ్లు గిట్లనే చేస్తది. భూమిల యేరు బలిసినంక ఇగ ఎవ్వలు ఆపలేరు."

"ఎవరు చూసిన్రు లేచినప్పుడు?" అన్నాడు సురేందర్. ఆయన ఈ బీటుకు బదిలీ అయి వచ్చింది సంక్రాంతి తర్వాతే.

"నేను చూసిన. గంగి చూసింది."

"మీ ఇద్దరు కాక?"

మాన్‌సింగ్ ఆలోచించాడు. మూడేళ్లు మేకనూ మనిషినీ కంచె దాటి రానివ్వని కాపలావాడికి సాక్షులు ఎక్కడినుంచి వస్తారు?

"ఎలుగుబంటి చూసిందేమో" అన్నాడు సురేందర్.

"పదిహేను దినాలు ఆగున్రి మేడం. ఒక్క వాన పడనియ్యున్రి."

"పదో తారీఖులోపల పంపాలె తాతా. తారీఖు నా చేతిల లేదు." గీతాంజలి కొంగుతో మెడ తుడుచుకుంది. "అబ్బ, ఏం ఎండ ఇది."

"ఇదొక ఎండనా?" మాన్‌సింగ్‌కు నోరు ఊరుకోదు. "రోహిణి కార్తె మొదట్ల రావాల్సుండె. గీ గుట్ట మీద కౌజుపిట్ట గుడ్డు పెడితే పిల్ల రాదు మేడం, ఆమ్లెట్టు వస్తది. పాపం అది దాని మీదనే కూసొని పొదుగుతది."

గీతాంజలి నవ్వింది. నవ్వి, "మరి ఉల్లిగడ్డ ఎవరు కోస్తరు తాతా?" అంది.

చెంబు అందుకోబోయిన గంగి చేయి గాలిలో ఆగింది. అట్లా ఎదురు ప్రశ్న వేసి మాన్‌సింగ్ నోరు మూయించే మనిషి వాళ్లింట్లో ఒకతే ఉండేది.

మాన్‌సింగ్ గడ్డపార తెచ్చాడు.

"గోరుతోటి గీకి చూడు మేడం, మొదట్ల పచ్చి ఉన్నదా లేదా?"

గీతాంజలి దగ్గరున్న పుల్ల మొదలు గీకి చూసింది. "ఉన్నట్టే ఉంది. కాని ఫొటోల కనిపిస్తలేదు."

"అయితే నడు. కనిపించేటట్టు చూపిస్త."

గుట్ట అంచున, మొదటి సాలులో మొదటి గుంత. ఆయన సొంతంగా పెట్టిన మొక్క. మూరెడు దూరం వదిలి చుట్టూ గాడి కొట్టాడు. మోకాలి లోతు దిగాక గడ్డపార పక్కన పెట్టి కొడవలి మొనతో మొరాన్ని రాల్చాడు. ఆ తర్వాత కొడవలి కూడా పెట్టేసి వేళ్లతో తవ్వాడు. పైన చూస్తే అగ్గిపుల్లంత ఎండుపుల్ల. కింద వేరు కొడవలి పిడంత మందం ఉంది. దిగుతూనే ఉంది. రాళ్లను తప్పుకొని, రెండు రాళ్ల నడుమ ఇరుక్కొని, మళ్లీ లావెక్కి, ఆయన నడుం లోతు దాటినా అంతు చిక్కలేదు. చివరికి ఎక్కడో తెగింది. తెగినచోట ఎర్రటి రసం సన్నగా ఊరింది.

గీతాంజలి కింద మట్టిలోనే కూచుండిపోయింది. వేరును రెండు చేతులా పట్టుకొని చూసింది.

"ఇంత ఉందా లోపల!"

"గందుకనే అంటున్న పండుకున్నదని."

"నేను నమ్ముతున్న తాతా" అంది ఆమె.

డెబ్బై ఏళ్ల బతుకులో మాన్‌సింగ్‌కు ఎన్నో జవాబులు వచ్చాయి, ఆ మాట మాత్రం ఎప్పుడూ రాలేదు. ఏం చేయాలో తోచక, చేతుల మట్టి అంగీకి తుడుచుకొని, అంగీ మట్టి చేతులతో దులుపుకున్నాడు.

ఆమె ఫొటోలు తీసుకొని పోయాక ఆ వేరును మళ్లీ గుంతలో నిలబెట్టి, మట్టి పూడ్చి, రెండు బిందెల నీళ్లు పోశాడు. అది ఇక లేవదని ఆయనకు తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం గీతాంజలి మళ్లీ వచ్చింది. ఈసారి ఎండ సంగతి ఎత్తలేదు. గుట్ట దాదాపు పరుగున ఎక్కింది.

"మా పై సార్‌కు ఫొటోలు పంపిన తాతా. ముందు నమ్మలే. అడవిల ఎక్కడనో తవ్వుకొచ్చి పాతిన వేరేమో అన్నడు. గంటసేపు కొట్లాడిన. ఆఖరికి ఒప్పుకున్నడు. ఒక సాలు మొత్తం తవ్వి, ఒక్కొక్క వేరు టేపుతోటి కొలిచి ఫొటో తీయాలె. ఆ సాలుల నూటికి డెబ్బై బతికుంటే గుట్ట మొత్తం పాస్."

"ఒక సాలంటే ఇరువై" అన్నాడు మాన్‌సింగ్.

"ఇరువై పోతే మిగిలినయన్ని బతుకుతయి. కంచె ఉంటది. నువ్వుంటవు." ఆమె ఫోను చూపించింది. "సాలు మనం ఎంచుకోవద్దు. నంబర్ సారే పంపిండు. పదకొండు."

మాన్‌సింగ్ గుట్ట మీదికి చూశాడు. దూరానికి సాళ్లన్నీ ఒక్కతీరుగానే ఉంటాయి.

"పన్నెండు తవ్వుదం మేడం. పన్నెండుల మట్టి మెత్తగుంటది."

"ఎంచుకుంటే దొంగలెక్క అయితది తాతా. మళ్ల మొదటికొస్తది."

"రెండు సాళ్లు తవ్వుదం. తొమ్మిది, పన్నెండు. నలభై. నేనే తవ్వుత, కూలి అడగ."

గీతాంజలి ఆయన మొహంలోకి చూసింది. "పదకొండుల ఏముంది తాతా? అవి చచ్చినయా?"

"లేదు మేడం" అన్నాడు. "మంచిగున్నయి. అన్నిటికన్న మంచిగున్నయి."

సాయంత్రం గంగి జొన్నరొట్టె తడుతోంది. మాన్‌సింగ్ సంగతి చెప్పాడు. అరచేతుల మధ్య రొట్టె తిరుగుతూ తిరుగుతూ ఒకచోట ఆగి, అంచు చిరిగి, మళ్లీ ముద్దయింది. గంగి దాన్ని మళ్లీ పిసికింది.

"వేరేది అడగలేకపోయినవా?"

"అడిగిన."

"మోకాళ్ల గోలీలు అయిపోయినయి నాకు" అంది గంగి, సంబంధం లేనట్టు. రొట్టె పెనం మీద వేసింది. "నీ పని పోతే ఎవలిస్తరు ఇగ పని నీకు? ఇరువై పోతే పోయినయి. తవ్వు."

"తవ్వాల్నా?"

"తవ్వమంటున్న గద!"

రొట్టె మాడిన వాసన వచ్చేదాకా ఆమె దాన్ని తిప్పలేదు. పొయ్యి పైన గూట్లో గోళ్లరంగు సీసా ఒకటి ఉంది. గార్ల అంగట్లో కొన్నది. లోపల రంగు అట్టకట్టి రాయిలా అయింది. దాన్ని ఎవరూ అక్కడినుంచి తీయరు. చుట్టూ మసి తుడిచినా, సీసా కింది చోటు మాత్రం గుండ్రంగా అట్లాగే ఉంటుంది.

మొక్కలు పెట్టిన ఏడాది వాళ్ల బిడ్డ మౌనిక ఇంటర్ సెలవుల్లో కూలికి వచ్చింది. ఎవరు పెట్టిన గుంత ఎవరిదో మేస్త్రీతో పేచీ రాకుండా, ఆడవాళ్లు తలా ఒక గుర్తు వేసుకునేవాళ్లు. ఒకరు గాజు ముక్క, ఒకరు గుడ్డ పీలిక. మౌనిక గులకరాయికి గోళ్లరంగు పూసి గుంతలో వేసేది. పదకొండో సాలు మొత్తం ఒక్కతే పెట్టింది. "నాయినా, నీ ఎలుగుబంటి వస్తే జెప్పు, పదకొండుల కాలు పెట్టొద్దని" అంది. ఆ వానాకాలం పోకముందే డెంగీ జ్వరం వచ్చింది. మానుకోట దవాఖానలో వద్దని ఖమ్మం తీసుకపొమ్మన్నారు. ఖమ్మం చేరలేదు.

ఆ రాత్రి మాన్‌సింగ్ దగ్గుతూ పడుకున్నాడు. గంగి గోడ వైపు తిరిగి పడుకుంది.

పొద్దున గుట్ట మీద ఐదుగురున్నారు. గీతాంజలి టేపు, ఫోను పట్టుకొని నిలబడింది. సురేందర్ రాతకు సిద్ధంగా ఉన్నాడు. తండాలోనే ఉండే జగన్ గడ్డపారతో వచ్చాడు. గంగి నీళ్లబిందె దించి, దూరంగా కూచుంది, సాలుకు వీపు పెట్టి.

"మొదటిది నేను తవ్వుత" అన్నాడు మాన్‌సింగ్. "చూసి నేర్చుకో జగన్. యేరు తెగొద్దు."

"తెగితే ఏంది తాతా, ఎట్లయినా తీసేదేగద" అన్నాడు జగన్.

మాన్‌సింగ్ మొన్నటికంటే దూరంగా గాడి కొట్టాడు. మొన్నటికంటే మెల్లగా తవ్వాడు. జానెడు లోతున కొడవలి మొనకు ఏదో తగిలింది. వేళ్లతో మట్టి తోశాడు. గులకరాయి. అంగీ అంచుతో తుడిస్తే ఒక పక్కన ఎర్రగా, గోరంత మేర, రంగు ఇంకా ఉంది. పైన గీత గీసినట్టు వేలి ముద్ర కూడా ఉంది. రంగు ఆరకముందే గుంతలో వేసి ఉంటుంది. తొందర పిల్ల.

దాన్ని తీయబోతే రాలేదు. వేరు దిగుతూ దిగుతూ రాయి దగ్గర వంగి, దాని చుట్టూ తిరిగి, పట్టుకొని, ఆ తర్వాతే కిందికి పోయింది.

"ఏంటిది తాతా?" గీతాంజలి వంగింది.

"రాయి మేడం."

పక్క గుంత దగ్గర దబ్బున చప్పుడైంది. జగన్ ఊరికే నిలబడడం ఇష్టం లేక రెండో మొక్క దగ్గర గడ్డపార దింపాడు. మళ్లీ ఎత్తాడు.

"ఆపుర!"

జగన్ గడ్డపార గాలిలోనే ఆగింది. గంగి వెనక్కి తిరిగింది. మాన్‌సింగ్ గుంతలోనే మోకాళ్ల మీద ఉన్నాడు. ఒక చేయి రాయి మీద ఉంది.

తర్వాత మాన్‌సింగ్ లేచాడు. మట్టి దులుపుకున్నాడు. మొహం మీదికి ఆ పాత నవ్వు తెచ్చుకున్నాడు, ఎలుగుబంటి కథ మొదలుపెట్టేముందు తెచ్చుకునే నవ్వు.

"ఊకె తవ్వకు జగన్. ఏం లేదు అండ్ల. అన్ని సచ్చినయి."

"ఏమంటున్నవ్ తాతా?" అంది గీతాంజలి.

"నిజమే చెప్తున్న మేడం, ఇగ దాసిపెట్టుడెందుకు. మీ సారు మొగోడు. ఫొటో చూసి కనిపెట్టిండు. మొన్న నేను చూపిచ్చింది వాగవతల అడవిల తవ్వుకొచ్చిన యేరు. మీరొస్తున్నరని తెలిసి ముందురోజు పాతిపెట్టిన."

"మరి ఇది?"

"నిన్న మీరు నంబరు చెప్పంగనే రాత్రి మళ్ల పోయిన. ఇరువై తెద్దామనుకున్న. ఒక్కటి పాతెటాల్లకే నడుం పట్టింది." నడుం మీద చేయి వేసి వంగి చూపించాడు. "ముసలితనం. పది తెచ్చే వయసుల గీ పని చేయకపోతి."

సురేందర్ పగలబడి నవ్వాడు. ఈసారి దగ్గు అడ్డం పెట్టుకోలేదు. "నేను చెప్పలే మేడం? ముసలోడు మామూలోడు కాదు!" జగన్ కూడా నవ్వి గడ్డపార భుజాన వేసుకున్నాడు. మాన్‌సింగ్ ఇన్నేళ్లుగా చెప్పిన వాటిలో ఎదురు ప్రశ్న లేకుండా జనం నమ్మిన మాట అదొక్కటే. అంత అతికినట్టు చెప్పాడు.

గీతాంజలి నవ్వలేదు. టేపు చుట్టుకుంటోంది. చుట్టలో సరిగ్గా పోక మెలిపడింది. విప్పి మళ్లీ చుట్టింది.

"నీ కోసం సార్‌తోటి కొట్లాడిన తాతా" అంది. "నేను నమ్మిన."

మాన్‌సింగ్ ఆమె చెప్పుల మీది ఎర్రమట్టిని చూశాడు. ఇంకొక్క మాట మెత్తగా పలికితే ఆమె మళ్లీ టేపు విప్పుతుందని ఆయనకు భయం వేసింది.

"ఎలుగుబంటి గూడ నమ్మింది మేడం" అన్నాడు. "బీడీ ఇస్తనని."

ఆమె ఇక ఆయన వైపు చూడలేదు. సురేందర్ దగ్గరి కాగితం తీసుకొని మోకాలి మీద పెట్టుకొని రాసింది. మొక్కలు చచ్చినవి, కాపలాదారు అడవి వేళ్లు తెచ్చి మోసం చేయబోయి ఒప్పుకున్నాడు అని సురేందర్ పైకి చదివాడు. మాన్‌సింగ్ బడిలో నేర్చుకున్న అక్షరాలతో, ఒక్కొక్కటి గుట్టంత పెద్దగా, సంతకం పెట్టాడు. మెడలోంచి ఈల తీసి ఇచ్చాడు. ఖాకీ అంగీ అడగకముందే గుండీలు విప్పాడు. చిరుగుల బనీనులో ఆయన పక్కటెముకలు కనబడ్డాయి. అంగీని మడత పెట్టబోయి, అంచు మీద రాయి తుడిచిన ఎర్రమరక చూసి, ఆ మరక లోపలికి పోయేలా మడిచి సురేందర్ చేతిలో పెట్టాడు.

నాలుగు గంటలకల్లా కంచె తీగ చుట్టలు చుట్టి ట్రాక్టరులో పడేశారు. జగన్ కర్రగుంజలు కూడా పీకాడు. ట్రాక్టరు దిగిపోయాక గుట్ట మీద ఇద్దరే మిగిలారు.

గంగి లేచి, పదకొండో సాలు మొదటి గుంత దగ్గర కూచుని, తవ్విన మట్టిని చేతులతో లోపలికి తోయసాగింది. రాయి కనబడినచోట చేయి ఆపింది. బొటనవేలు ఆ ముద్ర మీద పెట్టింది. ఆమె వేలు పెద్దది. ముద్ర కింద దాగిపోయింది. కొంతసేపటికి వేలు తీసి, పిడికిలితో మట్టి పోసి, పైన అరచేతులతో అదిమింది.

"తవ్వమంటి గద నిన్ను" అంది.

"అన్నవు."

"రాత్రి అడవికి పోయినవా?"

మాన్‌సింగ్ గోళ్ల సందున ఇరికిన మట్టి తీసుకుంటున్నాడు.

"తెల్లారెదాక నా పక్కన దగ్గుకుంటనే ఉన్నవు. నేను నిద్రపోలే. లెక్కపెట్టిన." బిందె అడుగున మిగిలిన నీళ్లు గుంత మీద ఒంపింది. నీళ్లు ఇంకిపోయేదాకా చూసింది. "లోకం నమ్మితే నమ్మనీ. నువ్వు చెప్పింది నేనెన్నడు నమ్మలే. గిది గూడ నమ్మను."

ఆయన తల వంచుకొని కూచున్నాడు. భుజాలు కదులుతున్నాయి. గంగి చూసీ చూడనట్టు తల మీది తుక్రి కొంగుతో తన మొహం తుడుచుకుంది.

కింద గంటల చప్పుడైంది. పక్క తండా మేకలు. పీకేసిన గుంజల దగ్గర ఒక్క క్షణం ఆగి, అలవాటైన తీగ లేకపోవడం చూసి, ముందటి మేక లోపలికి కాలు పెట్టింది. దాని వెనక మరొకటి.

మాన్‌సింగ్ చేయి మెడకు పోయింది. ఈల లేదు. రెండు వేళ్లు నోట్లో పెట్టుకొని ఊదాడు. ముందరి పళ్లు లేని నోరు, గాలి తప్ప చప్పుడు రాలేదు. మేక తల కూడా ఎత్తలేదు.

గంగి మోకాళ్ల మీద చేతులు ఆనించి, అబ్బా అనుకుంటూ లేచింది. ఒక మట్టిపెళ్ల ఏరుకుంది.

"నువ్వు కూసో" అంది. "అవి పోయెదాక నేను చూస్త. నువ్వు ఏదన్న ఒకటి చెప్పు. ఇనుకుంట పోత."

ఆమె కుంటుకుంటూ దిగసాగింది. మాన్‌సింగ్ నోరు తెరిచాడు. ఆ పూట ఆయన దగ్గర ఇంకో అబద్ధం మిగల్లేదు.